క్రమం తప్పిన పదార్థాలను క్వాంటం కంప్యూటర్‌లో నడిపి చూడటం ఎలా? ఏడు క్యూబిట్లతో మొదలుపెట్టండి

ఫిబ్రవరి వచ్చిందంటే నాకు ఒకటే ప్రశ్న. "సార్, క్వాంటం కంప్యూటర్‌తో మెటీరియల్స్ మీద ప్రాజెక్టు చేయాలనుకుంటున్నాం, యాడ మొదలుపెట్టాల?" కడప నుంచి ఒకరు ఫోన్ చేస్తారు, కర్నూలు నుంచి ఇద్దరు. మా అనంతపురం పిల్లలు సరేసరి, నేరుగా ఇంటికే వస్తారు. ఒకరికి గాజు కావాలి, ఇంకొకరికి మిశ్రలోహాలు. పాత క్యాలిక్యులేటర్ నెత్తిన ఉండే నల్ల సోలార్ పట్టీ చూపించి "ఈ అమార్ఫస్ సిలికాన్ చేస్తా సార్" అంది ఒకమ్మాయి. అందరికీ నేను చెప్పేది ఇంచుమించు ఒకటే కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నా.

ఒక మాట ముందే చెప్పేస్తా. గాజు ముక్కను ఉన్నదున్నట్టు క్వాంటం కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఇప్పటికి కుదరదు. ఎవరైనా కుదురుతుందంటే నమ్మకండి. ఈ పదార్థాలన్నిటికీ ఉమ్మడి లక్షణం ఒకటుంది. వాటిలో పరమాణువుల వరస తప్పి ఉంటుంది, అందువల్ల ఎలక్ట్రాన్ సాఫీగా సాగిపోలేదు, ఒక్కోసారి ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటుంది. ఆ ఇరుక్కోవడాన్ని మాత్రం ఏడెనిమిది క్యూబిట్లతో (క్వాంటం కంప్యూటర్‌లోని బిట్లు) చక్కగా చూపించొచ్చు. డిగ్రీ, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అది చాలు. నిజం చెప్పాలంటే అదే ఎక్కువ.

సిద్ధాంతం కొంచెమే చెప్తా. బేతంచెర్ల బండలు పరిచిన అరుగు చూశారు కదా, అన్నీ ఒకే కొలత, ఒకే ఎత్తు. స్ఫటికం అలాంటిది. ఎలక్ట్రాన్ తరంగం దాని మీద ఆగకుండా పోతుంది. అదే బండలు ఒక్కోటి ఒక్కో ఎత్తులో ఉంటే తరంగం ప్రతి బండ దగ్గరా కొంత వెనక్కి తిరుగుతుంది. వెనక్కి తిరిగినవన్నీ ఒకదానితో ఒకటి కలిసి, కొట్టుకుని, చివరికి తరంగం ఒకచోటే ఉండిపోతుంది. దీన్ని ఫిలిప్ ఆండర్సన్ 1958లో చూపించాడు. 1977లో మాట్, వాన్ వ్లెక్‌లతో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఒకే వరసలో ఉన్న గొలుసు అయితే డిజార్డర్, అంటే ఈ ఎత్తుల తేడా, ఎంత చిన్నదైనా ఎలక్ట్రాన్ ఇరుక్కుంటుంది. ఎంత దూరం పోయి ఇరుక్కుంటుందన్నదే తేడా. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, ఆరో మెట్టులో చాలామంది బోర్లాపడేది దీని దగ్గరే.

కావలసినవి

8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. అదీ లేకపోతే బ్రౌజర్‌లో గూగుల్ కొల్యాబ్ తెరిచినా పని జరుగుతుంది.

పైథాన్, లెక్కలకు నంపై, గ్రాఫులకు మ్యాట్‌ప్లాట్‌లిబ్, క్వాంటం సర్క్యూట్లు రాయడానికి కిస్కిట్, వీటితోపాటు ఆ సర్క్యూట్లను ల్యాప్‌టాప్‌లోనే నడిపే కిస్కిట్ ఏర్ అనే సిమ్యులేటర్. ఇది విడి ప్యాకేజీ, విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. కిస్కిట్ 1.0 వెర్షన్ 2024లో వచ్చింది. అంతకుముందు తీసిన వీడియోల్లో కనిపించే ఎగ్జిక్యూట్ అనే ఫంక్షన్ ఇప్పుడు లేదు, తీసేశారు. "సార్, వీడియోలో ఉన్నట్టే కొట్టాను, ఇంపోర్ట్ ఎర్రర్ వస్తోంది" అనే ఫోన్‌కాల్స్‌లో ఎక్కువ దీనివల్లే. వీడియో తేదీ చూసి మొదలుపెట్టండి.

ఐబీఎం క్వాంటం ఖాతా ఉంటే మంచిది. ఉచిత ప్లాన్‌లో నెలకు 10 నిమిషాల యంత్ర సమయం ఇస్తున్నారు. కానీ తొమ్మిదో మెట్టు దాకా దాని అవసరమే రాదు. అమరావతిలో 156 క్యూబిట్ల ఐబీఎం యంత్రం పెడతామని 2025లో ప్రకటించారు కదా, అది వచ్చాక చూద్దామని ఆగకండి. ఇక్కడ చేసేదంతా ల్యాప్‌టాప్‌లో అయ్యే పనే.

ఒక నోట్‌బుక్కు. కాగితం నోట్‌బుక్కే. ఎందుకో మీకే తెలుస్తుంది.

1. గొలుసును కాగితం మీద గీయండి

తొక్కుడుబిళ్ల ఆటకు గీసినట్టు వరసగా 7 గళ్లు గీయండి. 0 నుంచి 6 దాకా నంబర్లు వేయండి. నడిమి గడి 3. ఒక్కో గడికి ఒక్కో క్యూబిట్. క్యూబిట్ 1 అయితే ఎలక్ట్రాన్ ఆ గడిలో ఉన్నట్టు, 0 అయితే గడి ఖాళీ.

ఇప్పుడు రెండు అంకెలు కావాలి. పక్క గడికి దూకే బలం జె, దాన్ని 1 అనుకోండి. డిజార్డర్ వెడల్పు డబ్ల్యూ. ప్రతి గడికీ మైనస్ డబ్ల్యూలో సగం నుంచి ప్లస్ డబ్ల్యూలో సగం మధ్య ఒక రాండమ్ శక్తి ఇస్తాం. జాగ్రత్త, కొన్ని పుస్తకాల్లో మైనస్ డబ్ల్యూ నుంచి ప్లస్ డబ్ల్యూ దాకా తీసుకుంటారు. అక్కడి 4 అంటే మన లెక్కలో 8. మీరు ఏది వాడారో మొదటి పేజీలోనే రాసుకోండి. లేదంటే వేరేవాళ్ల గ్రాఫ్‌తో పోల్చేటప్పుడు తల పట్టుకుంటారు.

2. జవాబును మామూలు పద్ధతిలో ముందే రాబట్టండి

7 అడ్డం, 7 నిలువు మ్యాట్రిక్స్ తీసుకోండి. డయాగనల్ మీద ఆ రాండమ్ శక్తులు, దానికి అటూ ఇటూ పక్కనున్న గళ్లలో 1, మిగతాదంతా సున్నా. నంపైతో ఐగెన్ విలువలు, ఐగెన్ వెక్టర్లు తీయండి. వాటితో ఏ సమయానికి ఏ గడిలో ఎంత సంభావ్యత ఉంటుందో కట్టేయండి. రెప్పపాటు పని. ఇదే మీ కీ పేపర్.

"జవాబు తెలిసిపోయాక క్వాంటం కంప్యూటర్ ఎందుకు సార్?" అని వైవాలో తప్పకుండా అడుగుతారు. ఒక్క ఎలక్ట్రాన్‌కు నిజంగానే అక్కర్లేదు, ఆ మాట దాచకండి. ఎలక్ట్రాన్లు ఎక్కువై ఒకదాన్నొకటి తోసుకోవడం మొదలైతే కథ మారిపోతుంది. 20 గళ్లలో 10 ఎలక్ట్రాన్లను 1,84,756 రకాలుగా అమర్చొచ్చు. 30 గళ్లలో 15 అయితే 15 కోట్లు దాటుతుంది. మామూలు పద్ధతి చేతులెత్తేసేది అక్కడ. అక్కడికి పోయేముందు మన సర్క్యూట్ సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి జవాబు తెలిసిన చిన్న లెక్క కావాలి. ఈ మెట్టు దాటేసి వచ్చినవాళ్లకు నేను మూడో మెట్టు చెప్పను. ఇంట్లో ఇది అందరికీ తెలుసు.

3. సర్క్యూట్ కట్టండి

గేటు అంటే క్యూబిట్ మీద చేసే ఒక పని, వరసగా పేర్చిన గేట్లే సర్క్యూట్. నడిమి క్యూబిట్ మీద 0ను 1 చేసే ఎక్స్ గేటు ఒకటి వేయండి, ఎలక్ట్రాన్ గడి 3లోకి వచ్చినట్టే. తర్వాత సమయాన్ని చిన్న చిన్న అడుగులుగా కోస్తాం. దీన్నే ట్రాటర్ పద్ధతి అంటారు. ఒక్కో అడుగులో జరిగేది ఇది:

ముందు 0-1, 2-3, 4-5 జతల మీద దూకే గేట్లు. తర్వాత 1-2, 3-4, 5-6 జతల మీద. ఆ తర్వాత ప్రతి గడి మీద దాని శక్తికి తగ్గ ఫేజ్ గేటు, అంటే తరంగం దశను (ఫేజ్) తిప్పే గేటు.

దూకే గేటుకు కిస్కిట్‌లోని ఆర్‌ఎక్స్‌ఎక్స్, ఆర్‌వైవై అనే రెండు గేట్లూ వరసగా వేయండి. రెండింటికీ కోణం ఒకటే, జె గుణించు అడుగు పొడవు. ఎక్స్‌ఎక్స్ ప్లస్ వైవై అని ఒకే గేటు కూడా కిస్కిట్‌లో ఉంది. అది వాడితే కోణం రెట్టింపు ఇవ్వాలి. ఫేజ్ గేటుకు కోణం మైనస్ శక్తి గుణించు అడుగు పొడవు. అడుగు పొడవు సిమ్యులేటర్‌లో 0.1తో మొదలుపెట్టండి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఫేజ్ గేటులో ఆ మైనస్ మర్చిపోయినా ఒక్క ఎలక్ట్రాన్ లెక్కలో సంభావ్యతలు అచ్చం అలాగే వస్తాయి. ఇలాంటి గొలుసులో శక్తుల గుర్తులన్నీ తిప్పేసినా, ఒకే గడిలో మొదలైన ఎలక్ట్రాన్‌కు తేడా తెలియదు. తప్పు అక్కడే నిద్రపోతూ ఉంటుంది. రేపు మీరు ఎలక్ట్రాన్ల మధ్య తోపులాట కలిపిన రోజు లేస్తుంది. కాబట్టి "జవాబు వచ్చింది కదా" అని గుర్తును వదిలేయకండి.

4. రెండు గళ్లతో తనిఖీ

నేరుగా ఏడు గళ్లకు పోవద్దు. రెండు క్యూబిట్లు, డిజార్డర్ సున్నా. ఎలక్ట్రాన్‌ను గడి 0లో పెట్టండి. సమయం 1.57 దగ్గర అది పూర్తిగా గడి 1లోకి చేరిపోవాలి. 3.14కు మళ్లీ వెనక్కి రావాలి. 0.785కే చేరిపోయిందంటే మీ కోణం రెండింతలు ఉంది. 3.14 దాకా చేరలేదంటే సగమే ఉంది. ఈ రెండు తప్పుల్లో ఒకటి ప్రతి పదిమందిలో ఐదుగురైనా చేస్తారని నా అనుభవం.

తర్వాత రెండు గళ్ల శక్తుల మధ్య తేడా 2 ఉండేలా పెట్టండి. ఇప్పుడు ఎంత ఆగినా అవతలికి సగం కన్నా ఎక్కువ చేరకూడదు. ఆ సగం 1.11 దగ్గర వస్తుంది. ఇది సరిపోతే, గుర్తు సంగతి తప్ప, ఫేజ్ గేటు కోణమూ సరిగ్గా ఉన్నట్టే.

ఇంకొకటి. కిస్కిట్ బిట్లను కుడి నుంచి ఎడమకు రాస్తుంది. క్యూబిట్ 0 వరస చివర, కుడివైపు కనబడుతుంది. ఏడు క్యూబిట్లలో ఒక్క 0 మీద మాత్రమే ఎక్స్ గేటు వేసి కొలిచి చూడండి, 0000001 రావాలి. మనం నడిమి గడి నుంచి మొదలుపెడతాం కాబట్టి డిజార్డర్ లేనప్పుడు గొలుసు తిరగబడినా బొమ్మ ఒకేలా ఉంటుంది, తప్పు కనబడదు. డిజార్డర్ పెట్టాక కీ పేపర్‌తో పోల్చితే గందరగోళం.

5. ఏడు గళ్లు, డిజార్డర్ సున్నా

నడిమి గడిలో మిగిలే సంభావ్యత సమయం 1 దగ్గర 0.05, సమయం 2 దగ్గర 0.16 రావాలి. 0.1 అడుగుతో రెండో దశాంశం కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. 0.3 వచ్చిందంటే వెనక్కి పోండి. 2 దగ్గర ఎందుకు పెరిగిందని కంగారుపడొద్దు, అది తరంగం కదా, నడిమిన ఎగసి పడుతూనే ఉంటుంది.

6. డిజార్డర్ ఎంత పెట్టాలి?

రెండేళ్ల కిందట ఒకబ్బాయి గ్రాఫ్ పట్టుకుని వచ్చాడు. ఎనిమిది గళ్లు, డబ్ల్యూ 1. "సార్, ఎలక్ట్రాన్ యాడా ఇరుక్కోలా. ఆండర్సన్ చెప్పింది తప్పేమో." ఏమప్పా, అంత మాట ఎట్లా అంటివి అని నవ్వి, ఈ లెక్క చేయించా.

ఒక వరస గొలుసులో శక్తి పట్టీ నడిమిన ఎలక్ట్రాన్ ఇరుక్కునే పొడవు సుమారు 105ను డబ్ల్యూ వర్గంతో భాగిస్తే వస్తుంది. డబ్ల్యూ 1 అయితే 105 గళ్లు. డబ్ల్యూ 2 అయితే 26. 4 అయితే ఆరున్నర. ఈ సూత్రం తక్కువ డిజార్డర్‌కు కుదిరింది, 6 దాటాక కచ్చితత్వం పోతుంది, అయినా అంచనాకు పనికొస్తుంది. డబ్ల్యూ 8 దగ్గర ఒకటి రెండు గళ్లలోనే ఆగిపోతుంది. ఆ అబ్బాయి ఎలక్ట్రాన్‌కు ఇరుక్కోవడానికి వంద గళ్లు కావాలి, ఇచ్చింది ఎనిమిది. అరుగు పొడవే చాలలేదు.

కాబట్టి ఏడు గళ్లకు 0, 4, 8 పెట్టి మూడు గ్రాఫులు గీయండి. డబ్ల్యూ 1 పెట్టి ఏమీ కనబడలేదనకండి, 50 పెట్టి అంతా ఇరుక్కుందని సంబరపడకండి. 50 దగ్గర అది క్వాంటం విషయమే కాదు, పక్క గడి మరీ ఎత్తులో ఉండి దూకలేకపోవడం. పైగా అంత డబ్ల్యూకు 0.1 అడుగు కూడా పెద్దదే. అడుగు సరిపోయిందో లేదో తెలియాలంటే దాన్ని సగం చేసి మళ్లీ నడపండి. గ్రాఫ్ కదలకపోతే సరిపోయినట్టు.

7. రాండమ్ అంకెలను ఒక్కసారే తీయండి

ఈ మెట్టు రెండుసార్లు చదవండి. నేనే ఇక్కడ నెల రోజులు పోగొట్టుకున్నా.

మొదటిసారి నేను రాసిన ప్రోగ్రాములో, రాండమ్ శక్తులు తీసే వరస, ట్రాటర్ అడుగుల లూప్ లోపల పడింది. అంటే ప్రతి అడుగుకూ గళ్ల శక్తులు మారిపోతున్నాయి. ఎర్రర్ రాలేదు. గ్రాఫ్ అందంగా వచ్చింది. డబ్ల్యూ ఎంత పెంచినా ఎలక్ట్రాన్ నిదానంగా పాకుతూ పోతోంది, ఆగదు. పుస్తకాల్లో ఆగుతుందని ఉంది, నా దగ్గర ఆగదు. కోణాలు పది సార్లు చూశా, కిస్కిట్ మార్చి చూశా, చివరికి కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోయిన ఒక సాయంత్రం, చేతిలో కాగితం తప్ప ఏమీ లేక, ఒక్కో వరసా పెన్సిల్‌తో టిక్కు పెడుతూ వస్తే దొరికింది. లూప్ లోపల నాలుగు ఖాళీలు ఎక్కువ పడ్డాయి, అంతే. పైథాన్‌లో నాలుగు ఖాళీలంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

అది ఎందుకు ఆగదు? చేలో రాళ్లు కదలకుండా ఉంటే తరంగం ప్రతిసారీ అదే రాయికి తగిలి అదే తీరులో వెనక్కి వస్తుంది. అందుకే వెనక్కి వచ్చినవన్నీ పొందికగా కలిసి దాన్ని కట్టిపడేస్తాయి. రాళ్లే దొర్లుతూ ఉంటే ఆ పొందిక చెదిరిపోతుంది. తరంగం తాగినవాడి నడకలా అటూ ఇటూ తూలుతూ దూరం పోతుంది. కదలని డిజార్డర్ ఆపుతుంది, కదిలే డిజార్డర్ నడిపిస్తుంది. ఈ తేడా పదో మెట్టులో మళ్లీ పనికొస్తుంది, ఎందుకంటే నిజం యంత్రంలోని నాయిస్, అంటే దానంతట అది చేసే చిన్న చిన్న తప్పులు, ఈ రెండో రకం.

తనిఖీ సులువే. ఒకే శక్తుల జాబితాను ప్రోగ్రాము మొదట్లో ప్రింట్ చేయించండి, చివర్లో మళ్లీ ప్రింట్ చేయించండి. రెండూ ఒకటే ఉండాలి. సీడ్ నంబరు, అంటే అవే రాండమ్ అంకెలు మళ్లీ రావడానికి ప్రోగ్రాముకు ఇచ్చే నంబరు, నోట్‌బుక్కులో రాయండి.

8. సగటు తీయండి, కానీ సరైనదాని సగటు

ఒక శక్తుల జాబితా అంటే ఒక నమూనా. ఒక నమూనా చూసి ఏమీ చెప్పకూడదు. ఒక్కోసారి అదృష్టంకొద్దీ పక్కపక్క గళ్ల శక్తులు దగ్గరగా పడి, డబ్ల్యూ 8 దగ్గర కూడా ఎలక్ట్రాన్ దూకేస్తుంది.

సర్క్యూట్‌ను ఒకసారి నడిపి కొలిస్తే ఒక షాట్. పిల్లలు చేసే పని ఒక నమూనా తీసుకుని 25,000 షాట్లు కొట్టడం. దానికన్నా 50 నమూనాలు తీసుకుని ఒక్కోదానికి 500 షాట్లు కొట్టడం ఎంతో మేలు. మొత్తం షాట్లు రెండింట్లోనూ అవే. 500 షాట్లలో సంభావ్యతకు వచ్చే ఊగిసలాట మహా అంటే 2 శాతం చిల్లర. నమూనాకు నమూనాకు తేడా దానికన్నా ఎన్నో రెట్లు. పెద్ద తేడాను వదిలేసి చిన్నదాన్ని తుడుస్తూ కూర్చుంటే ఏం లాభం?

గ్రాఫ్ మీద ఎర్రర్ బార్లు కూడా నమూనాల మధ్య తేడా నుంచే తీయాలి, షాట్ల నుంచి కాదు. ప్రతి నమూనా కాగానే ఫలితాన్ని ఫైల్‌లోకి రాసేయండి. మన దగ్గర ఏప్రిల్ మధ్యాహ్నం కరెంటు మీద, ల్యాప్‌టాప్ వేడి మీద ఎవరికీ హామీ లేదు.

9. ఏం కొలవాలి?

రెండు చాలు. ఒకటి, మొదలైన గడిలోనే మిగిలిన సంభావ్యత. రెండు, ఎలక్ట్రాన్ ఎన్ని గళ్లలో పరుచుకుందనే అంకె. ప్రతి గడి సంభావ్యతను వర్గం చేసి, అన్నీ కూడి, 1ని దానితో భాగించండి. ఒకే గడిలో ఉంటే 1 వస్తుంది, ఏడింట్లో సమానంగా పరుచుకుంటే 7.

ఈ రెండో అంకెను ప్రతి నమూనాకు విడిగా కట్టి, ఆ తర్వాత సగటు తీయాలి. ముందు సంభావ్యతల సగటు తీసి, దాని మీద ఈ అంకె కడితే ఎక్కువ వస్తుంది. ఒక నమూనాలో ఎడమకు జరిగి, ఇంకోదాంట్లో కుడికి జరిగితే, సగటులో రెండు పక్కలా పరుచుకున్నట్టు కనిపిస్తుంది.

ఒక్క క్షణం దగ్గరి విలువ చూసి తీర్పు ఇవ్వకండి. సిమ్యులేటర్‌లో సమయం 5 నుంచి 20 దాకా సగటు తీసుకోండి. ఇక్కడిదాకా మీ గ్రాఫు రెండో మెట్టులోని కీ పేపర్ గ్రాఫు మీద కూర్చుంటే, ప్రాజెక్టు ముప్పాతిక అయిపోయినట్టే.

10. నిజం యంత్రం మీద

ముందు లెక్క వేయండి. ఏడు గళ్లకు ఆరు జతలు. ఒక్కో దూకే గేటు యంత్రం మీద రెండు జంట గేట్లుగా (రెండు క్యూబిట్లను కలిపి తాకే గేట్లు) మారుతుంది. అంటే ఒక్క అడుగుకు 12. ఎనిమిది అడుగులకు 96. ఒక్కో జంట గేటు తప్పే అవకాశం అర శాతం అనుకుంటే, 96 గేట్లూ తప్పకుండా దాటే అవకాశం 62 శాతం. సిమ్యులేటర్‌లో చేసినట్టు 0.1 అడుగుతో 20 దాకా పోతే 200 అడుగులు, 2,400 గేట్లు. బయటికి వచ్చేది బూడిదే.

కాబట్టి యంత్రం మీద అడుగు 0.25, మొత్తం 8 అడుగులు, సమయం 2 దాకా. అంత పెద్ద అడుగుతో ట్రాటర్ తప్పు కొంత ఉంటుంది. యంత్రం ఫలితాన్ని కీ పేపర్‌తో నేరుగా పోల్చకుండా, అదే 0.25 అడుగుతో సిమ్యులేటర్ ఇచ్చినదానితో పోల్చండి. అప్పుడు మిగిలిన తేడా యంత్రానిది. పక్కపక్కనే గొలుసుగా ఉన్న ఏడు క్యూబిట్లను ఎంచుకోండి. ట్రాన్స్‌పైల్ చేశాక, అంటే సర్క్యూట్‌ను యంత్రానికి తెలిసిన గేట్లలోకి మార్చాక, జంట గేట్లు లెక్కపెట్టండి. 96 దగ్గర కాకుండా 200 వచ్చాయంటే క్యూబిట్లు దూరదూరంగా పడి మధ్యలో వాటిని దగ్గర చేసే స్వాప్ గేట్లు చేరాయని అర్థం.

మన లెక్కలో ఎలక్ట్రాన్ ఒక్కటే, అది పుట్టదు, పోదు. అందువల్ల ప్రతి షాట్‌లో సరిగ్గా ఒకే 1 ఉండాలి. సున్నాలన్నీ వచ్చినా, రెండు 1లు వచ్చినా ఆ షాట్ పారేయండి. మొత్తంలో ఎంత మిగిలిందో రాసుకోండి, అదే మీ యంత్రం నాడి. పూర్తిగా గోల తప్ప ఏమీ లేకపోయినా 128లో 7, అంటే 5.5 శాతం షాట్లు ఎలాగూ ఒకే 1తో వస్తాయి. మీకు 70 శాతం మిగిలితే సంతోషించండి. 20 మిగిలితే అడుగులు తగ్గించండి.

అసలు ప్రమాదం దీని తర్వాతే. ఈ వడపోత ఎలక్ట్రాన్ పోయిన షాట్లను పట్టుకుంటుంది కానీ ఫేజ్ చెదిరిన షాట్లను పట్టుకోదు. ఫేజ్ చెదిరితే ఏమవుతుందో ఏడో మెట్టులో చూశాం, ఇరుక్కున్న ఎలక్ట్రాన్ పాకడం మొదలుపెడుతుంది. డబ్ల్యూ 8 దగ్గర యంత్రం మీద ఎలక్ట్రాన్ పరుచుకుంటే అది పదార్థం గుణం కాదు, యంత్రం జ్వరం. మీరు పెట్టిన డిజార్డర్ వేరు, యంత్రం తనంతట తాను పెట్టే నాయిస్ వేరు. ఈ రెండిటినీ విడదీసి చూపించగలిగిన ప్రాజెక్టును నేను ఇప్పటిదాకా రెండు మూడే చూశా.

విడదీసే మార్గం: నాలుగు అడుగులు ముందుకు నడిపి, ఆ నాలుగింటినీ తలకిందులు చేసి వెనక్కి నడపండి. మొత్తం గేట్లు అవే 96. నాయిస్ లేకపోతే ఎలక్ట్రాన్ కచ్చితంగా గడి 3కే తిరిగి రావాలి. ఎంత తక్కువగా తిరిగొస్తే అంత నాయిస్ ఉన్నట్టు. కానీ మధ్యలో బ్యారియర్ (ఇటు గేట్లను అటు గేట్లతో కలపనివ్వని అడ్డుగీత) పెట్టడం మర్చిపోకండి. లేకపోతే ట్రాన్స్‌పైలర్ తెలివిగా ముందువీ వెనకవీ కొట్టేసి ఖాళీ సర్క్యూట్ పంపిస్తుంది. వంద శాతం తిరిగొచ్చిందని మిఠాయిలు పంచుతారు.

పది నిమిషాల సమయం 50 నమూనాలకు, మూడు డబ్ల్యూలకు చాలుతుందా అంటే, సర్క్యూట్లన్నీ ఒకే జాబ్‌లో కలిపి పంపితే బాగా కలిసొస్తుంది. ముందు 5 నమూనాలు పంపి ఎంత సమయం తిన్నదో చూసి మిగతావి పంపండి.

11. ఇంకా చేయాలనుకుంటే

మిశ్రలోహం కావాలన్నవాళ్లు శక్తులను ఆ మధ్యలో ఎక్కడపడితే అక్కడ కాకుండా రెండే విలువల్లోంచి రాండమ్‌గా తీసుకోండి, ప్లస్ సగం డబ్ల్యూ లేదా మైనస్ సగం డబ్ల్యూ. రెండు లోహాల పరమాణువులు కలగలిసినట్టు. దీనికి ఒక చక్కని ఎత్తు ఉంది, పరేదెస్, వెర్‌స్ట్రేట్, సిరాక్ 2005లో చెప్పారు. ప్రతి గడికి తోడుగా ఇంకో క్యూబిట్ పెట్టి, దానిమీద హాడమార్డ్ గేటు (క్యూబిట్‌ను 0, 1 రెండింట్లోనూ సమానంగా ఉంచేది) వేసి, దాని విలువను బట్టి గడికి ఫేజ్ ఇస్తే, 14 క్యూబిట్లలో 128 నమూనాలూ ఒకేసారి నడుస్తాయి. వినడానికి అద్భుతం. కానీ ఒక్కో షాట్ ఇచ్చేది ఒక్క నమూనా జవాబే, కాబట్టి ఏడు గళ్లకు లాభం ఏమీ కనబడదు, గేట్లు మాత్రం పెరుగుతాయి. సిమ్యులేటర్‌లో చేసి చూపించడానికి బాగుంటుంది, యంత్రం మీదికి తీసుకుపోవద్దని నా సలహా.

సగటు బాధ తగ్గాలంటే రాండమ్ వదిలేసి కొసైన్ వాడండి. గడి నంబరును 0.618తోనూ రెండు పైలతోనూ గుణించి, దాని కొసైన్‌ను లాంబ్డాతో గుణిస్తే ఆ గడి శక్తి. ఇది ఆబ్రీ, ఆండ్రే మోడల్. ఇందులో జె 1 అయితే లాంబ్డా 2 దాకా ఎలక్ట్రాన్ తిరుగుతుంది, 2 దాటితే ఇరుక్కుంటుంది. అటు ఇటు స్పష్టంగా ఉంటుంది, వైవాలో చూపించడానికి సుఖం. ఏడు గళ్లలో ఆ మలుపు మెత్తగానే కనబడుతుంది, సిమ్యులేటర్‌లో 13 గళ్లు పెట్టుకోండి.

తోపులాట కలపాలంటే పక్కపక్క క్యూబిట్ల మధ్య కంట్రోల్డ్ ఫేజ్ గేటు, కోణం మైనస్ తోపులాట బలం గుణించు అడుగు. ఒకటి విడిచి ఒక గడిలో ఎలక్ట్రాన్లు పెట్టి, సరి గళ్లకు బేసి గళ్లకు మధ్య తేడా ఎన్నాళ్లు నిలుస్తుందో చూడండి. దీనికి ఏడు గళ్ల మ్యాట్రిక్స్ కీ పేపర్ కాదు, ఎన్ని అమరికలుంటే అంత పెద్ద మ్యాట్రిక్స్ కావాలి. 16 గళ్లలో 8 ఎలక్ట్రాన్లంటే 12,870 అమరికలు. ఆ మ్యాట్రిక్స్ ఒక్కటే 1.3 జీబీ. 8 జీబీ ల్యాప్‌టాప్ మూలుగుతూ చేస్తుంది. 10 గళ్లతో మొదలుపెట్టండి, 252 అమరికలే. మూడో మెట్టులో నిద్రపోయిన మైనస్ గుర్తు ఉందో లేదో కూడా ఇప్పుడే బయటపడుతుంది.

రిపోర్టుతోపాటు సీడ్ నంబర్లు, కిస్కిట్ వెర్షన్, వాడిన క్యూబిట్ల నంబర్లు, యంత్రం మీద నడిపిన తేదీ ఒక పేజీలో రాసి కుట్టండి. యంత్రం తప్పు శాతం రోజురోజుకూ మారుతుంది. తేదీ లేని ఫలితాన్ని రేపు మీరే మళ్లీ తెప్పించలేరు. నా దగ్గరికి సందేహంతో వచ్చేటప్పుడు ఆ పేజీ, నాలుగో మెట్టులోని రెండు గళ్ల గ్రాఫు తీసుకురండి. సగం సందేహాలు ఆ గ్రాఫు చూడగానే తేలిపోతాయి, కర్నూలు నుంచి బస్సు ఛార్జీ మిగులుతుంది.